రాబందుకు చప్పట్లు (ఊరవతలి చరిత్ర - 11)



పోయిన భాగంలో వెట్టి చెప్పుల గురించి రాశాను. ఈ భాగం పక్షుల గురించి. "అన్నా, నువ్వు కూడా పక్షుల్లో పడ్డావా" అని నవ్వకండి. చివరిదాకా చదవండి. ఇది కూడా మన వాడ చరిత్రే. కొంచెం పొడుగైంది, ఓపిక పట్టండి.

1

రెండు నెలల కింద మా మండల కేంద్రంలో ఒక బడిలో సాయంత్రం పూట సభ జరిగింది. పట్నం నుంచి ప్రకృతి ప్రేమికులు కొందరు వచ్చారు. ఊరూరా తిరిగి, ఆ చుట్టుపక్కల ఉండే పక్షులు, పాములు, చెట్ల గురించి జనానికి చెప్పడం వాళ్ళు పెట్టుకున్న పని. మంచి పనే. అందులో నాకు అనుమానం లేదు. ముందురోజు నాకు ఫోన్ చేసి, "అన్నా, మీ వాడ నుంచి కూడా ఒక పదిమందిని తీసుకురండి, వింటారు" అన్నారు. నేను పిల్లలతో పాటు మా పెద్దబాపును కూడా తీసుకుపోయాను. ఆయనకు ఎనభై దగ్గర పడ్డాయి. చిన్నప్పటి నుంచి ముప్పై ఐదేళ్ళు ఊరి గొడ్లను ఒలిచిన మనిషి. వెనక వరుసలో కూర్చోబెట్టాను.

తెర మీద బొమ్మలు వేశారు. పాలపిట్ట వచ్చింది. నెమలి వచ్చింది. పిల్లలు కేరింతలు కొట్టారు. తర్వాత రాబందు వచ్చింది. మెడ మీద ఈకలు లేవు, ముక్కు కొక్కెం లాగ వంగి ఉంది. పిల్లలు "ఛీ" అన్నారు. చెప్పే సారు నవ్వి, "ఛీ అనొద్దు. ఇవి లేకపోతే మనకు రోగాలు. చచ్చిన పశువును గంటలో శుభ్రం చేస్తాయి. ఇవి ప్రకృతి పెట్టుకున్న సఫాయి కార్మికులు. వీటికి మనమందరం చప్పట్లు కొట్టాలి" అన్నాడు. గది నిండా చప్పట్లు. నేను కూడా కొట్టాను.

పెద్దబాపు కొట్టలేదు. నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అన్నాడు: "గా పక్షి సపాయి పని చేసిందని సప్పట్లు కొట్టవడ్తిరి. గా గొడ్డును ఊర్లకెల్లి గుంజుకపోయి, ఒలిచి, దాని ముంగట ఏసినోనికి ఎవడన్న కొట్టిండార బిడ్డ?"

నా చేతులు ఆగిపోయాయి.

ఇంకో మాట కూడా అన్నాడు. రాబందు ముక్కుతో ఎంత మందం తోలునైనా చీల్చేస్తుందని సారు చెప్పాడు. పెద్దబాపు తల అడ్డంగా ఊపాడు. "ఒలవని గొడ్డు తోలు అవి సింపలెవ్వు. కండ్ల కాడ, ఎనుక దిక్కు పట్టుకోని పీకుతయి. ఒలిస్తెనే అవి కడుపునిండ తినేది."

సభ చివర్లో "ఎవరికైనా ప్రశ్నలున్నాయా" అని అడిగారు. పిల్లలు రెండు మూడు అడిగారు. కానీ "ఇక్కడ రాబందుల సంగతి తెలిసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా, చెప్తారా" అని ఎవరూ అడగలేదు. అడగాలని వాళ్ళకు తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు. వినడానికి పదిమందిని తీసుకురమ్మంటే, నేను వినడానికే తీసుకుపోయాను.

ఆ రాత్రి నుంచి ఈ వ్యాసం నన్ను పట్టుకుంది. మన దేశంలో ప్రకృతి గురించి చెప్పేవాళ్ళు ఎవరు, వినేవాళ్ళు ఎవరు? ఈ ఏర్పాటు ఎప్పుడు మొదలైంది?

2

1883 సెప్టెంబర్‌లో బొంబాయిలో ఎనిమిది మంది కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అదే బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ. నెలనెలా ఒకచోట కూర్చుని ఎవరు ఏ జంతువును చూశారో, ఏ పక్షిని కొట్టారో చెప్పుకోవడం, తెచ్చిన నమూనాలు చూపించుకోవడం దాని పని. ఆ ఎనిమిది మందిలో ఇద్దరే భారతీయులు: డాక్టర్ ఆత్మారామ్ పాండురంగ్, డాక్టర్ సఖారామ్ అర్జున్. మిగతా వాళ్ళు దొరలు. ఇవాళ మన ఊళ్ళలో జరిగే ప్రకృతి సభలకు ముత్తాత ఆ కూటమే అనుకోవచ్చు. ఆ సంఘం తర్వాత దేశానికి చాలా మేలు చేసింది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ గదిలోకి నమూనాలు ఎట్లా వచ్చాయన్నదే నా ప్రశ్న.

దానికి ఇంకా వెనక్కి, నెల్లూరుకు పోవాలి. థామస్ జెర్డన్ అనే బ్రిటిష్ వైద్యుడు 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. పక్షులంటే ప్రాణం. ఆ ప్రాంతపు యానాదుల దగ్గర కూర్చుని జంతువుల, పక్షుల సంగతులు, వాటి పేర్లు తెలుసుకున్నాడు. ఆయన వేయించిన 50 పక్షి బొమ్మల పుస్తకం 1847 నాటికి మద్రాసులో పూర్తయింది. ఆ బొమ్మలు వేసిందీ ఎక్కువగా మన దేశపు చిత్రకారులే. తర్వాత 1862 నుంచి 1864 దాకా భారతదేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. అందులో చాలా పక్షులకు ఇంగ్లీషు పేరుతో పాటు తెలుగు పేరు కూడా ఉంటుంది.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఆ తెలుగు పేర్లు ఎవరి నోటి నుంచి వచ్చాయి? అగ్రహారాల నుంచి రాలేదు. పక్షిని ఉచ్చు వేసి పట్టే వాని నోటి నుంచి, గడ్డిలో గుడ్డు ఎక్కడుందో తెలిసిన ఆమె నోటి నుంచి వచ్చాయి. పుస్తకంలో పేరు మిగిలింది. పేరు చెప్పిన మనిషి మిగల్లేదు.

చెప్పిన మనిషికి ఏం దొరికింది? 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిలో కట్టె కొట్టడం, వేటాడటం తప్పయిపోయింది. 1871లో ఉత్తరాన మొదలైన నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు రాజ్యానికి కూడా వచ్చింది. తిరుగుతూ, వేటాడుతూ బతికే ఎన్నో కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్తులని రాసేశారు. ఆ ముద్ర 1952 దాకా తీయలేదు. అదే నేల, అదే అడవి. దొర తుపాకీతో కొడితే నమూనా, మనవాడు ఉచ్చు వేస్తే నేరం.

3

జెర్డన్ పేరు మీద ఒక పక్షి ఉంది. తెలుగులో కలివికోడి. 1848లో శాస్త్ర గ్రంథాలకెక్కింది. 1900లో పెన్నా లోయలో ఒకసారి కనిపించింది. ఆ తర్వాత కనిపించలేదు. ఎనభై ఆరేళ్ళు. అంతరించిపోయిందని చాలామంది తేల్చేశారు.

1986 జనవరిలో అది దొరికింది. కడప జిల్లా లంకమల కొండల దగ్గర, రెడ్డిపల్లి ప్రాంతంలో. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన పరిశోధకుడు భరత్ భూషణ్ ఊళ్ళలో పక్షి బొమ్మ చూపిస్తూ అడిగాడు. ఐతన్న అనే స్థానిక వేటగాడు దాన్ని గుర్తుపట్టాడు. రాత్రి పూట, దీపం వెలుగులో, పట్టుకొచ్చాడు. అది రాత్రి తిరిగే పక్షి. పగటి పూట ముళ్ళపొదల్లో కదలకుండా ఉంటుంది. రాత్రి పూట ఆ పొదల్లో తిరిగే పని ఐతన్నలాంటి వాళ్ళకే ఉంటుంది.

ఆ ఒక్క పక్షి వల్ల లంకమల అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి మార్చారు. ఇంత జరిగింది. అందుకే అడుగుతున్నాను: ఎనభై ఆరేళ్ళు ఆ పక్షి ఎవరికి కనిపించకుండా పోయింది? ఐతన్నకు కాదు. పుస్తకానికి కనిపించకుండా పోయింది. పుస్తకం ఐతన్నను అడగడానికి ఎనభై ఆరేళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక న్యాయం కూడా చెప్పాలి. భరత్ భూషణ్ అడిగాడు. అడిగాడు కాబట్టే దొరికింది. ఐతన్న పేరు కూడా ఆ కథలో నిలిచింది. అడగడం చిన్న పని కాదు.

4

ఇప్పుడు మా ఊరి రాబందుల దగ్గరికి వస్తాను. ఇది చెప్పడానికి నాకు కొంచెం కష్టంగా ఉంది.

మా ఊళ్ళో గొడ్డు చచ్చిపోతే పటేలు ఇంటి నుంచి మనిషి వచ్చి మాదిగవాడ మొదట్లో నిలబడి కేకేసేవాడు. వాడలోకి వచ్చేవాడు కాదు. మా తాత, పెద్దబాపు, ఇంకో ఇద్దరు పోయి, కాళ్ళు కట్టి, కర్రకు వేలాడదీసి మోసుకుపోయేవాళ్ళు. ఊరికి తూర్పున ఒక బీడు. అక్కడ ఒలిచేవాళ్ళు. తోలు లందకు పోతుంది. లంద అంటే తోలు నానబెట్టే తొట్టి. సున్నంతో వెంట్రుక ఊడదీసి, తంగేడు చెక్క దంచిన నీళ్ళలో నానబెట్టాలి. మీరు బతుకమ్మలో పేర్చే తంగేడే. పువ్వు బతుకమ్మకు, చెక్క మా లందకు. ఆ తోలుతోనే మోట బొక్కెన, తొండం, చెప్పులు, డప్పు. దొరల ఇండ్లకు అవన్నీ వెట్టి కిందనే పోయేవి.

తోలు తీసిన తర్వాత మిగిలింది ఎవరిది? కొంత కండ వాడది. నేను దాచను. ఆకలి కాలంలో మా వాళ్ళు అది తిన్నారు. మిగతాది రాబందులది. ఎముకలు ఎండిన తర్వాత ఎముకలు ఏరేవాళ్ళు వచ్చి బండ్లలో వేసుకుని పోయేవాళ్ళు. వాటిని పిండి చేసి ఎరువుకు వాడేవాళ్ళు. ఒక గొడ్డు, మూడు చేతులు. ఊరు మాత్రం శుభ్రం. ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఆ బీడు ఎక్కడుందో కూడా తెలియదు. తెలియాల్సిన అవసరం లేదు. కులం ఏర్పాటంటే అదే కదా.

1990ల మొదట్లో దేశంలో ఇరవై కోట్లకు పైగా ఆవులు, ఎద్దులు, ఎనిమిది కోట్లకు పైగా బర్రెలు ఉండేవి. అవన్నీ ఒకరోజు చచ్చిపోయేవే. ఇంత కళేబరాలను ఈ దేశం ఏ మునిసిపాలిటీ లేకుండా, ఏ బడ్జెట్ లేకుండా ఎట్లా తట్టుకుంది? మన చేతులతో, వాటి ముక్కులతో. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఒకే పేజీలో కనిపించదు. పర్యావరణం పాఠంలో రాబందు ఉంటుంది, మాదిగ ఉండడు. సాంఘిక శాస్త్రంలో అంటరానితనం ఉంటుంది, రాబందు ఉండదు.

నేను హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి స్నేహితులను ఇంటికి తీసుకొచ్చాను. అందరూ మనవాళ్ళు కాదు. అన్నం తినేటప్పుడు పెద్దబాపు మంచి హుషారులో ఉండి రాబందుల ముచ్చట ఎత్తుకున్నాడు. ఎన్ని వస్తాయో, ఏది ముందు దిగుతుందో చెప్తున్నాడు. నాకు తల తీసేసినట్టైంది. "గిప్పుడు గా ముచ్చట అవసరమా?" అని కసిరాను. ఆయన మధ్యలో ఆగిపోయాడు. చేతిలో ముద్ద అట్లనే ఉంది.

ఇంకొక సారి, 1998 ప్రాంతంలో, సెలవులకు పోతే అన్నాడు: "రాబందులు వస్తలెవ్వుర. వచ్చిన రెండు మూడు కూడ మెడలు ఏలాడేసుకోని కూసుంటున్నయి. కొమ్మ మీదికెల్లి పండు రాలినట్టు రాలుతున్నయి." నేను ఏమన్నానో తెలుసా? "పోతే పోనీ, పీడ పోయింది" అన్నాను. నాకు ఆ పక్షి అంటే ఆ బీడు, ఆ బీడు అంటే మా కులం పేరు. మూడూ ఒకేసారి పోవాలని నా కోరిక.

5

ఆ రోజుల్లోనే రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త తల పట్టుకుని ఉన్నాడు. కియోలాదేవ్ పార్కులో 1980లలో వందల గూళ్ళు లెక్కపెట్టిన మనిషి. 1990ల చివరికి గూళ్ళు ఖాళీ అయ్యాయి. ఆయన రాసుకున్న లక్షణాల్లో ఒకటి ఏమిటో తెలుసా? చచ్చిపోయే ముందు రాబందులు మెడలు వేలాడేసి కూర్చుంటున్నాయి. మా పెద్దబాపు చెప్పిన మాటే. ఆయన చెప్పింది ప్రపంచం చదివింది. ఈయన చెప్పింది నేను కూడా వినలేదు.

కారణం దొరకడానికి ఏళ్ళు పట్టింది. పురుగు మందులన్నారు, ఏదో వైరస్ అన్నారు, తిండి లేదన్నారు. చివరికి 2004లో పాకిస్తాన్‌లో చేసిన పరిశోధన తేల్చింది. డైక్లోఫెనాక్. పశువుల నొప్పికి, వాపుకు ఇచ్చే చవక మందు. ఆ మందు తీసుకున్న రెండు మూడు రోజుల్లో పశువు చచ్చి, దాన్ని రాబందు తింటే, రాబందు మూత్రపిండాలు పాడైపోతాయి. లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర పడుతుంది. కొద్దిరోజుల్లో చచ్చిపోతుంది. నూటికి ఒక్క కళేబరంలో ఆ మందు ఉండక్కర్లేదు. అంతకన్నా తక్కువ ఉన్నా చాలు, మొత్తం జాతి కూలిపోతుందని లెక్క తేల్చారు. ఎందుకంటే ఒక్క కళేబరం మీద పదుల కొద్దీ రాబందులు వాలుతాయి. పైగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడతాయి.

1992 నుంచి 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99.9 పోయాయి. వెయ్యికి ఒకటి మిగిలింది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. మనుషుల కోసమని తయారైన పెద్ద సీసాలు పశువులకు పోతున్నాయని 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు తగ్గించింది. 2023లో ఇంకో రెండు మందులను, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను, పశువులకు వాడొద్దంది.

రాబందు పోతే ఏమైంది? కళేబరాలు కుళ్ళాయి. కుక్కలు పెరిగాయి. 2024లో ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం అచ్చు వేశారు. రాబందులు ఉండే జిల్లాల్లో అవి పోయిన తర్వాత మనుషుల మరణాలు నూటికి నాలుగుకు పైగా పెరిగాయనీ, 2000 నుంచి 2005 దాకా దాదాపు ఐదు లక్షల మంది అదనంగా చచ్చిపోయారనీ వాళ్ళ లెక్క. కుక్కకాటు, కలుషితమైన నీళ్ళు. ఇప్పుడు మనం అడగాల్సిన ప్రశ్న ఇది: కళేబరాలు వేసే బీడు ఎవరి వాడ పక్కన ఉంటుంది? ఆ బీడు మీది నుంచి వాన నీళ్ళు ఎవరి బావిలోకి దిగుతాయి? ఆ కుక్కల మధ్య నుంచి బడికి నడిచిపోయే పిల్లలు ఎవరు? జవాబు మీకు తెలుసు.

"పీడ పోయింది" అన్నాను కదా. పీడ పోలేదు. మా వాడకే వచ్చింది.

6

రెండు తేదీలు పక్కపక్కన పెడతాను.

2001. హర్యానాలోని పింజోర్‌లో జబ్బుపడిన రాబందుల కోసం సంరక్షణ కేంద్రం మొదలైంది. తర్వాత అదే పెంపక కేంద్రమైంది.

2002 అక్టోబర్ 15. అదే హర్యానాలో, ఝజ్జర్ జిల్లా దులీనా పోలీసు చౌకీ దగ్గర, ఐదుగురు దళితులను గుంపు కొట్టి చంపింది. ఆవును చంపి తోలు తీస్తున్నారన్నది నింద.

ఒకే రాష్ట్రం. ఒకే కళేబరం మీద బతికిన ఇద్దరు. రాబందుకు పంజరం కట్టి, మేకమాంసం పెట్టి, డాక్టరును పెట్టి కాపాడారు. కాపాడాల్సిందే. మనిషిని పోలీసుల ముందే కొట్టి చంపారు.

2016 జూలై 11. గుజరాత్‌లోని ఊనా దగ్గర చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత యువకులను కారుకు కట్టి కొట్టారు. ఆ తర్వాత నెల తిరగకముందే, ఆగస్టు 8న, మన కోనసీమలో, అమలాపురంలో, కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు మాదిగ అన్నదమ్ములను చెట్టుకు కట్టి కొట్టారు. ఊనా తర్వాత గుజరాత్ దళితులు కళేబరాలు ఎత్తడం మానేశారు. సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు తెచ్చి పడేశారు. "మీ తల్లి అంటున్నారు కదా, మీరే చూసుకోండి" అన్నదే దాని అర్థం. నాలుగు రోజులకు ఊళ్ళు కంపు కొట్టాయి. అప్పుడు అర్థమైంది, ఇన్నేళ్ళు ఊరిని ఎవరు కాపాడారో.

7

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. నేను చెప్పేది తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

ఈమధ్య కొంతమంది "సంప్రదాయ జ్ఞానం" అనే మాట చాలా ప్రేమగా వాడుతున్నారు. మాదిగలకు ప్రకృతితో అద్భుతమైన అనుబంధం ఉండేదనీ, దాన్ని కాపాడుకోవాలనీ అంటున్నారు. వద్దు. మా తాత ప్రకృతి మీద ప్రేమతో ఆ బీడుకు పోలేదు. పోకపోతే వాడను వెలివేస్తారు కాబట్టి పోయాడు. 1927 మార్చిలో మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్ళు ముట్టుకున్న సభలోనే బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానేయమని మన వాళ్ళకు చెప్పాడు. అంతకు పదేళ్ళ ముందు, 1917లో, భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో ఆది ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ పోరాటాల ఫలితంగానే మా తరం ఆ పని నుంచి బయటపడింది. నా కొడుకు చేతికి ఒలిచే కత్తి రాలేదు. పెన్ను వచ్చింది. అది మా గెలుపు. ఏ పక్షి కోసమూ ఆ గెలుపును వెనక్కి ఇచ్చేది లేదు.

కానీ పనిని వదిలేటప్పుడు పనిలో పుట్టిన తెలివిని కూడా సిగ్గుతో పారేశాం. అది నా తప్పు, నా తరం తప్పు. కులం మన మీద మోపింది పనిని. ఆ పనిలో కళ్ళతో చూసి, తలతో ఆలోచించి నేర్చుకున్నది మాత్రం మనది. దాన్ని మోపిన వాడు ఇవ్వలేదు.

ఈ రెంటినీ విడదీయొచ్చా? ఒక ఉదాహరణ చెప్తాను. తమిళనాడులో ఇరులర్లు పాములు పట్టి తోళ్ళు అమ్ముకుని బతికేవాళ్ళు. 1972 వన్యప్రాణి చట్టంతో ఆ బతుకు పోయింది. 1978లో, రోములస్ విటేకర్ తోడ్పాటుతో, వాళ్ళకు ఒక సహకార సంఘం ఏర్పడింది. పామును పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. పాముకాటుకు మన ఆసుపత్రుల్లో ఇచ్చే మందు ఆ విషం నుంచే తయారవుతుంది. 2023లో ఇద్దరు ఇరులర్లకు, వడివేల్ గోపాల్, మాసి సడైయన్‌లకు, పద్మశ్రీ వచ్చింది. దీంతో వాళ్ళ పేదరికం తీరిందని నేను అనను. కానీ తెలివికి కూలి, సంఘం, పేరు వచ్చాయి. కులంగా చేసిన పనికి, హక్కుగా చేసే పనికి తేడా అది.

8

సభ అయిన వారం తర్వాత ఆ సారుకు ఫోన్ చేశాను. కోపంతో చేయలేదు. పెద్దబాపు అన్న మాటలు చెప్పాను. కాసేపు అవతల నుంచి మాట లేదు. తర్వాత "నేను రావచ్చా?" అని అడిగాడు.

వచ్చాడు. ఈసారి సభ బడిలో కాదు, మా వాడలో వేపచెట్టు కింద. తెర లేదు. పెద్దబాపు మంచం మీద కూర్చున్నాడు, సారు చాప మీద కూర్చుని నోటుబుక్కు తీశాడు. పిల్లలు చుట్టూ మూగారు. బయటి నుంచి వచ్చి మాట్లాడే వాళ్ళకు ఎంత ఇస్తారో పెద్దబాపుకు అంతే ఇవ్వాలని ముందే చెప్పాను. ఒప్పుకున్నారు.

పెద్దబాపు రెండు గంటలు చెప్పాడు. ముందు కాకులు వస్తాయి. కాకులను చూసి గద్దలు. పైన చుక్కలాగా తిరిగే రాబందు గద్దలను చూసి దిగుతుంది. దాన్ని చూసి పక్క ఊరి మీద తిరిగేది, దాన్ని చూసి ఆ పక్కది. "వాట్సాప్ మీకు ఇప్పుడచ్చింది, వాటికి ఎప్పటికెల్లో ఉన్నది" అన్నాడు. పిల్లలు పడిపడి నవ్వారు. ఎర్రతల రాబందు ఒకటో రెండో వచ్చేవట. అది దిగితే మిగతావి పక్కకు జరిగేవట. చెరువు కట్ట మీది తాళ్ళ మీద, పెద్ద మర్రి మీద గూళ్ళు. చలికాలం గుడ్డు. ఒలిచిన గొడ్డు అరగంటలో ఎముకల గూడు.

"ఎప్పటి నుంచి తగ్గాయి తాతా?" అని సారు అడిగాడు. పెద్దబాపుకు సంవత్సరాల అంకెలు రావు. "వీని చెల్లె పెండ్లైన ఏడు పదిదాక వచ్చినయి. దాని పెద్దపిల్ల పుట్టిన ఏడు రెండు. బోనాలకు ఒక్కటి. గంతే." నేను పక్కన కూర్చుని లెక్క కట్టాను. 1996. 1998. సారు రాసుకున్నాడు. మా ఊరి రాబందుల చరిత్ర కాగితం మీదికి ఎక్కడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ అది ఆడపిల్లల పెండ్లిళ్ళ, పురుళ్ళ లెక్కల్లో భద్రంగానే ఉంది.

ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు దగ్గర పాలరాపు గుట్ట మీద 2013లో రాబందులు కనిపించాయని సారు చెప్పాడు. పెద్దబాపు కళ్ళు పెద్దవి చేసి, "బతికున్నయా?" అని అడిగాడు. ఇంట్లో మనిషి గురించి అడిగినట్టే అడిగాడు.

తొమ్మిదో తరగతి చదివే మా వాడ పిల్ల లేచి అడిగింది: "తాతా, రాబందులు మళ్ళా వస్తే, నువ్వు మళ్ళా గొడ్లు ఒలుస్తవా?"

"అవి రావాలె బిడ్డ. నేను మాత్రం పోను. నిన్ను పోనియ్య."

"మరి వాటికి ఎవరు వేస్తరు?"

"ఊరు ఏసుకోవాలె. పంచాయితీకి బండి లేదా, జీతమిచ్చి మనిషిని పెట్టుకోరాదా? ఏ కులపోడైతె ఏంది, చేతులకు తొడుగులు ఏసుకోని చేస్తడు. ఆవు ఊరందరిదైతె, చచ్చిన ఆవు మాదిగోనిదెట్లైతది?"

ఈసారి చప్పట్లు కొట్టమని ఎవరూ చెప్పలేదు. అయినా కొట్టారు. పెద్దబాపు సిగ్గుపడి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

9

విద్యార్థి మిత్రులకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి. మీ కాలేజీలో, మీ ఊళ్ళో ప్రకృతి గురించి సభ పెడితే, వేదిక మీద ఎవరున్నారో చూడండి. చేపల గురించి సభైతే బెస్తవాళ్ళు, ఎలుకలూ పాముల గురించైతే యానాదులు, ఎరుకలవాళ్ళు, అడవి గురించైతే చెంచులు, గోండులు ముందు మాట్లాడాలి. శాస్త్రవేత్త తర్వాత మాట్లాడొచ్చు. ఇద్దరూ అవసరమే.

రెండు. మాట్లాడిన మనిషికి డబ్బు ఇవ్వండి, పేరు రాయండి. ఆ మనిషి ఒప్పుకుంటేనే రాయండి. "స్థానికులు చెప్పారు" అని రాసి వదిలేయకండి. జెర్డన్ కాలం పోయింది.

మూడు. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి మీ తాతను, నాయనమ్మను కూర్చోబెట్టండి. ఏ పక్షి ఏ ఏడు నుంచి రావడం లేదు, ఏ చేప చెరువులో కనిపించడం లేదు, ఏ చెక్కతో ఏ రంగు వచ్చేది, అడగండి. సంవత్సరం తెలియకపోతే ఎవరి పెండ్లి, ఎవరి చావు అని అడగండి. లెక్క మీరు కట్టండి.

నాలుగు. వాళ్ళు ఆ ముచ్చట నలుగురిలో ఎత్తుకుంటే, నేను కసిరినట్టు కసరకండి. నేను ఒకసారి కసిరితే పెద్దబాపు మళ్ళీ నోరు విప్పడానికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది. అందరి పెద్దబాపులూ అంతకాలం ఉండరు.

వచ్చే భాగంలో తంగేడు, లంద, మద్రాసు తోళ్ళ వ్యాపారం గురించి రాస్తాను. మీ ఊరి రాబందుల సంగతి మీ ఇంట్లో ఎవరైనా చెప్తే, ఏ ఊరో, ఏ ఏడో రాసి కింద పెట్టండి.

జై భీమ్. జై సావిత్రీబాయి.